పోగు కలిపి వస్తాను

ఆనందపురం
18 జూలై 2024, గురువారం

చందనకు,

మీ జోగత్త రాస్తున్నాను. మీ నాన్నకు ఆయాసం ఎలా ఉంది? వానలు మొదలైతే తమ్ముడికి ఛాతీ పట్టేస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే. మెడకు మఫ్లరు కట్టుకోమని చెప్పు. ఎవరో నవ్వుతారని తీసేస్తాడు, నవ్వినవాళ్ళు వచ్చి ఊపిరి పోస్తారా? మీ అమ్మకు సుగరు తగ్గిందా? మరీ తగ్గిపోయినా భయమే, కళ్ళు తిరుగుతాయట. ఇక్కడొకావిడ కుళాయి దగ్గర అలాగే పడిపోయింది. పంచదార పొట్లం కొంగున కట్టుకోమను. నీకెలా ఉంది? రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలు పడుకోకుండా బట్టలు ఉతుకుతావట. అలా చెయ్యకు. మీ కుక్కపిల్ల కుంటుతోందన్నారు, దాని కాలు బాగయిందా?

నా కాలు అలాగే ఉంది. ఆ సాయంత్రం ఫోను పట్టుకున్న నా కోడలు జ్యోతిర్మయి మొహం చూసి ఏమయిందో అడగకుండానే పరిగెత్తాను. గుమ్మం కింద మెట్టు మీద నాచు. మడమ దగ్గర విరిగింది. పిండికట్టు వేశారు, ఆగస్టు ఆఖరు దాకా పాదం కింద పెట్టకూడదన్నారు. కొడుకు అక్కడ మంచం మీద, నేను ఇక్కడ మంచం మీద.

అందరినీ అడిగాను. తిరుమల ఎలా ఉన్నాడు? ముందే అడగవలసింది, కలం రాలేదు.

ఫోను చెయ్యమంటావు. నాకు ఫోనులో ఏమీ వినపడదని నీకు తెలుసు కదా. ముప్పై ఏళ్ళు జూట్ మిల్లులో పని చేసి చెవులు అక్కడే వదిలి వచ్చాను. మనిషి ఎదురుగా ఉంటే పెదాలు చూసి మాట పట్టుకుంటాను. ఫోనుకి పెదాలు లేవు. అందుకని ఐదో తరగతి చదువుతో ఈ ఉత్తరం. పక్కింటి నూకాలు రోజూ పూల బుట్టలతో పూర్ణా మార్కెట్‌కి వస్తుంది, మీ ఆసుపత్రి గేటు దగ్గర నీ చేతికిచ్చి పోతుంది. "ఏటమ్మా, నాను పూలు మొయ్యాలా, మీ ఏడుపులు మొయ్యాలా?" అంటుంది గానీ మోస్తుంది.

అసలు సంగతికి వస్తాను. జ్యోతిర్మయి మొన్న చీరల కోసం ఇంటికి వచ్చి వెళ్ళింది. పోర్టు నుంచి వస్తూ బండి జారి పడ్డ తిరుమలని తెచ్చినప్పుడు క్యాజువాలిటీలో నువ్వే ఉన్నావట. నీ చేత్తోనే సూది ఇచ్చావట. అది పడేదాకా చెయ్యి ఆడిస్తున్నవాడు, పడ్డాక కాలూ చెయ్యీ కదపలేదట. ఊపిరి కూడా ఆగిందట. తరువాత నోట్లో గొట్టం వేశారట. ఆమె నా ఎదురుగా నిలబడి నిదానంగా చెప్పింది, పెదాలు నేను తప్పు చూడలేదు. కదిలేవాణ్ణి కదలకుండా చెయ్యడమేమిటి తల్లీ? అప్పటి నుంచే కదా వాడికి పలుకు లేదు? దానికి విరుగుడు ఉండే ఉంటుంది. పాము విషానికే ఉంది.

ఇంకొకటి. సూది పడే ముందు వాడు ఏమన్నాడు? ఆఖరుగా విన్నదానివి నువ్వు. నలభై రెండేళ్ళవాడు, ఇప్పటికీ డ్యూటీకి వెళ్ళేటప్పుడు నా గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుని, "ఎల్తన్నానే" అంటాడు. ఆ మాట కోసం పొద్దున్నే గుమ్మం కేసి తిరిగి కూర్చుంటున్నాను. ఏదైనా అని ఉంటే రాయి. తిట్టినా సరే, రాయి.

గ్యాసు కట్టేశావో లేదో చూసుకుని పడుకో.

జోగత్త


గాజువాక
22 జూలై 2024

జోగత్తకి,

నమస్కారం. నాన్నకు ఆయాసం తక్కువగానే ఉంది. మఫ్లరు మాట చెబితే, "అక్కకి నానింకా గుంటడినే" అని నవ్వాడు, కానీ వెతికి కట్టుకున్నాడు. అమ్మ సుగరు నిలకడగా ఉంది. కుక్కపిల్ల పరుగులు పెడుతోంది, నా చెప్పులు రెండూ అయిపోయాయి.

బావ సంగతి ఉన్నది ఉన్నట్టు రాస్తాను. హనుమంతవాక దిగువలో వాన నీటికి బండి జారింది. హెల్మెట్ బండి అద్దానికే వేలాడుతోందట. ఆసుపత్రికి తెచ్చినప్పుడు నేను ముందు గుర్తుపట్టలేదు, మొహం అలా వాచిపోయింది. చొక్కా జేబులో పోర్టు కార్డు చూశాక తెలిసింది.

తలకు గట్టి దెబ్బ తగిలితే లోపల మెదడు వాస్తుంది అత్తా. పుర్రె ఎముక కాబట్టి సాగదు, లోపల ఒత్తిడి పెరిగిపోతుంది. పైగా స్పృహ తప్పేవాడికి నాలుక వెనక్కి పడిపోతుంది, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకని గొట్టం వేసి మిషనుతో ఊపిరి ఇవ్వాలి. మందు లేకుండా ఆ గొట్టం తోస్తే దగ్గుతాడు, పళ్ళు బిగిస్తాడు, పెనుగులాడతాడు. ఒక్కొక్క దగ్గుకీ తలలో ఒత్తిడి ఇంకా ఎక్కుతుంది. అందుకే ముందు నొప్పి తెలియకుండా ఒక మందు, నిద్రకి ఒకటి, ఒళ్ళు వదులయ్యేందుకు ఒకటి. మందు ఎక్కువైతే బీపీ పడిపోయి మెదడుకి రక్తం చాలదు. అందుకని ఎంతెంత ఇవ్వాలో మత్తు డాక్టరు గారు లెక్కకట్టి చెప్పారు, నేను ఎక్కించాను. కదలకుండా చేసే మందు ఆ పూటే దిగిపోయింది, దానికి విరుగుడుతో పని లేదు. ఇప్పుడు నిద్రలో ఉంచుతున్నది వేరే మందు, మెదడుకి విశ్రాంతి కోసం.

పెద్ద డాక్టర్లు కొందరు ఒకప్పుడు వీటన్నిటికన్నా ముందు ఇంకో మందు కూడా ఇచ్చేవారట, ఒత్తిడి పెరగకుండా. దాని వల్ల మేలు జరుగుతుందని గట్టిగా తేలలేదు, మా దగ్గర ఇప్పుడు ఇవ్వడం లేదు. మేము ఏదీ తోచినట్టు చెయ్యబోమని, ప్రతిదానికీ ఆలోచన ఉంటుందని నీకు తెలియాలని ఇది రాస్తున్నాను.

బావ ఏమీ అనలేదు. మూలిగాడు, మాట లేదు. మందు ఎక్కించే ముందు కాళ్ళూ చేతులూ ఎలా కదులుతున్నాయో, కంటిపాపలు ఎలా ఉన్నాయో చూసి రాసుకోవాలి, మందు పడ్డాక చూడటానికి ఉండదు కదా. ఎడమ చెయ్యి బాగా ఆడించాడు. అది మంచి గుర్తే.

నువ్వు పాదం కింద పెట్టకు. పెడుతున్నావని నూకాలమ్మ చెప్పేసింది.

మీ మేనకోడలు
హరిచందన


ఆనందపురం
25 జూలై 2024

చందనకు,

నీ ఉత్తరం అందింది. కాగితం మడతల దగ్గర చిరిగేదాకా చదివాను. మీ నాన్న, మీ అమ్మ, కుక్క బాగున్నారని రాశావు. నువ్వు బాగున్నావని రాయలేదు. ఎందుకు?

ఆ మొదటి మందు మాట చదివినప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. ఒకప్పుడు ఇచ్చేవారట, ఇప్పుడు మానేశారట. మిల్లులో కూడా ఒకప్పుడు దుమ్ము గొంతుకి బెల్లం ముక్క ఇచ్చేవారు, తరువాత దండగని మానేశారు. దగ్గు మాత్రం మానలేదు. మందూ అలాగే మానేశారేమోనని నా భయం. నూకాలుని జంక్షన్లో మందుల కొట్టుకి పంపాను. పేరు తెలియకుండా ఏమని అడుగుతుంది పాపం? "తలలో ఒత్తిడికి బాబూ, గొట్టం ఎయ్యకముందు ఇచ్చీది, పాతకాలందీ" అని అడిగిందట. కొట్టతను తలనొప్పి మాత్రలు ఇచ్చాడు. అవి దీనితో పంపుతున్నాను, పారెయ్యకు, నీకు పనికొస్తాయి. ఆ మందు పేరు మాత్రం పెద్ద అక్షరాలతో రాసి పంపు. ఆలస్యంగా ఇచ్చినా పని చేస్తుందేమో మీ డాక్టరు గారిని అడుగు. మర్యాదగా అడుగు, కోపం వస్తే చూడడం మానేస్తారు.

ఎడమ చెయ్యి ఆడించాడన్నావు. కుడి చెయ్యి మాట రాయలేదు. దాచావు.

ఇంకొకటి అడగాలంటే చెయ్యి ఆడడం లేదు. నిద్ర మందు వేరు, కదలకుండా చేసే మందు వేరు అన్నావు. అంటే కదలని మనిషి లోపల మెలకువగా ఉండొచ్చు కదా? గొంతులోకి గొట్టం దిగుతుంటే వాడికి అంతా తెలుస్తూ, అరవలేక, చెయ్యి ఎత్తలేక ఉండిపోయాడేమో. కళ్ళు మూస్తే ఇదే కనబడుతోంది. మూగవాణ్ణి కొట్టినట్టు కదా అది.

నీ చెయ్యి వణకలేదా చందనా? మేనత్త కొడుకు. నీకు సైకిలు నేర్పినవాడు. వణకలేదంటే నాకు కోపం వస్తుంది, వణికిందంటే భయం వేస్తుంది. ఏది రాస్తావో నీ ఇష్టం.

దీవెన పెట్టకుండా ఉత్తరం ముగించకూడదంటారు. పెడుతున్నాను.

జోగత్త


గాజువాక
31 జూలై 2024

అత్తా,

నీ ఉత్తరం డ్యూటీ గదిలో చదివాను. తలనొప్పి మాత్రలు అందాయి. అప్పుడే ఒకటి వేసుకున్నాను.

నిద్ర మందు ముందు, కదలకుండా చేసేది వెనక. ఆ వరస తప్పకూడదు, తప్పలేదు. కనురెప్ప మీద వేలితో తాకి చూశాను, రెప్ప ఆడలేదు. అప్పుడే రెండోది ఎక్కించాను. బావకు ఏమీ తెలియదు. ఈ ఒక్క మాటా నమ్ము, మిగిలినవి నమ్మకపోయినా ఫర్వాలేదు.

నా చెయ్యి వణకలేదు. సూది పట్టినప్పుడు వణికితే నేను ఆ గదిలో ఉండకూడదు. ఇంటికి వచ్చాక అమ్మ అన్నం పెడితే ముద్ద నోటి దాకా రాలేదు. చిన్నపిల్లకు పెట్టినట్టు అమ్మే పెట్టింది. ఇందులో నీకు కోపం కావాలంటే కోపం తీసుకో, భయం కావాలంటే భయం తీసుకో.

ఆ పాత మందు కొట్టులో కొని పంపేది కాదు, ఇప్పుడు దానితో పనీ లేదు. దండగని మానలేదు అత్తా, మేలు కనబడక మానారు. నేను రాయకుండా ఉండవలసింది.

కుడి చేతికి బలం తక్కువగా ఉంది. దాచాలనుకోలేదు, ముందు మంచి మాట రాద్దామనుకున్నాను. దాన్నే దాచడం అంటారేమో.

ఇక కొత్త సంగతులు. నోట్లో గొట్టం తీసేసి, మెడ ముందు చిన్న రంధ్రం చేసి అక్కడ గొట్టం పెట్టారు. భయపడకు, అది ఊపిరి సుళువు కోసం, తరువాత తీసేస్తారు. నిద్ర మందు తగ్గించారు. సోమవారం కళ్ళు తెరిచాడు. మెడలో ఆ గొట్టం ఉన్నంతకాలం గొంతులోంచి మాట రాదు. మనం చెప్పేది తెలుస్తోందో లేదో డాక్టరు గారు ఇంకా చెప్పలేకపోతున్నారు. పిలిస్తే మా కేసి చూడడు, గోడ కేసి చూస్తాడు.

ఎడమ చెయ్యి మాత్రం ఊరుకోదు. గొట్టం లాగేసుకుంటాడని మెత్తటి గుడ్డతో మంచం పట్టెకు కట్టాం. ఆ కట్టులోనే వేళ్ళు ఆడిస్తుంటాడు. జ్యోతిర్మయి అక్క చూసి, "డ్యూటీలో ఉన్నాననుకుంతన్నాడు, క్రేనుకి సైగలిత్తన్నాడు" అని ఏడ్చింది. సైగలిచ్చే పనే కదా, అవునేమో అనుకున్నాం. నిన్న పోర్టు నుంచి గోపి అని బావతో పని చేసేవాడు వచ్చాడు. మంచం పక్కన కూర్చుని చాలాసేపు చూశాడు. "ఇది మా సైగ కాదమ్మా. ఎత్తమంతే సూపుడేలు పైకి తిప్పుతాం, దించమంతే కిందకి. ఈ సిటికెనేలు కత మాకాడ నేదు. ఎవులితో మాటాడతన్నాడో మరి" అన్నాడు.

అదెలా ఉంటుందంటే, బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఏదో నలుపుతున్నట్టు తిప్పుతాడు. తరువాత చిటికెనవేలు కొక్కెంలా వంచి తన వైపు లాక్కుంటాడు. ఆఖరికి అరచెయ్యి బోర్లించి పక్క మీద నొక్కుతాడు. మళ్ళీ మొదటి నుంచి. ఇప్పుడు గుర్తొస్తోంది, ఆ సాయంత్రం మందు ఎక్కించే ముందు కూడా ఇదే చేశాడు. ఎడమ చెయ్యి కదులుతోంది అని మాత్రం రాసుకున్నాం. మెదడుకి దెబ్బ తగిలితే ఇలాంటి అర్థం లేని కదలికలు రావచ్చని డాక్టరు గారు అన్నారు. నీకెందుకు రాస్తున్నానో తెలియదు. ఏదీ దాచలేదనిపించుకోవడానికేమో.

హరిచందన


ఆనందపురం
4 ఆగస్టు 2024

చందనా, నా తల్లీ,

ఇవాళ ఎవరి ఆరోగ్యమూ అడగను, అందరూ బాగుండాలి. వాడి చేతి కట్టు విప్పు. ముందు అది చేసి వచ్చి తరువాత ఈ ఉత్తరం చదువు.

విప్పావా?

మిల్లులో నేను నూలు వడికే మిషను దగ్గర ఉండేదాన్ని. మిషన్లు తిరుగుతుంటే పక్క మనిషి చెవిలో అరిచినా వినపడదు. ఆడవాళ్ళం అందరం చేతులతోనే మాట్లాడుకునేవాళ్ళం. కూరలు, పురుళ్ళు, మొగుళ్ళ తాగుడు, అన్నీ చేతుల మీదే. మేస్త్రీకి ఒక సైగ ఉండేది, అది నీకు రాయకూడదు.

అప్పుడు మేము మిల్లువాళ్ళు కట్టించిన లైను ఇళ్ళలో ఉండేవాళ్ళం. మధ్యాహ్నం బడి వదలగానే తిరుమల నాకు క్యారేజీ తెచ్చేవాడు. పిల్లల్ని లోపలికి రానివ్వరు. కటకటాల తలుపు అవతల నిలబడితే మిషను దగ్గర నుంచి నాకు కనబడేవాడు. పోగు తెగి ఉంటే వదిలేసి రాకూడదు, కలిపి రావాలి. అప్పుడు వాడికి సైగ చేసేదాన్ని. వేళ్ళు నలపడమంటే, తెగిన పోగు కలుపుతున్నాను. చిటికెనవేలు లాక్కోవడమంటే, వచ్చేస్తాను. అరచెయ్యి కిందకి నొక్కడమంటే, అక్కడే ఉండు, ఎక్కడికీ పోకు.

పోగు కలిపి వస్తాను, అక్కడే ఉండు.

అర్థమయిందని వాడూ అదే తిరిగి నాకు చేసి చూపించేవాడు. కుడి చేతిలో క్యారేజీ ఉండేది కదా, అందుకని ఎడమ చేత్తో. కుడి చెయ్యి గురించి నీతో తగువు పెట్టుకున్నాను గానీ, వాడు నాతో ఎప్పుడూ మాట్లాడింది ఎడమ చేత్తోనే.

నీ సూది పడే ముందు వాడు ఏమన్నాడని అడిగాను, ఏమీ అనలేదన్నావు. అన్నాడు చందనా. నాకు మాట చెప్పే పడుకున్నాడు. వాడి నోరు నువ్వు మూశావని ఇన్నాళ్ళూ అనుకున్నాను. నువ్వు కళ్ళతో చూసి, మరిచిపోకుండా ఆ మాట నాకు మోసుకొచ్చావు. ఉత్తరం మీద నీళ్ళు పడ్డాయి, అక్షరాలు అలుక్కుపోతే ఊహించుకుని చదువుకో.

అర్థం లేని కదలిక అన్నారని డాక్టరు గారి మీద నాకు కోపం లేదు. మిల్లులో పని చెయ్యనివాళ్ళకి ఎలా తెలుస్తుంది? మిల్లు మూతపడేటప్పటికి నువ్వు చిన్నపిల్లవి, నీకూ తెలియదు. జ్యోతిర్మయి వచ్చేటప్పటికి మిల్లే లేదు. ఆ మాటలు ఈ ఇంట్లో మా ఇద్దరికే మిగిలాయి.

ఆయన అన్నదే నిజమేమో, నేనే ఆశపడి చూస్తున్నానేమో. అందుకని ఒక పని చెయ్యి. వాడు అలా చేసినప్పుడు వాడికి కనబడేలా నిలబడి, నీ చూపుడువేలూ నడిమివేలూ కలిపి గుండె మీద రెండుసార్లు తట్టుకో. "చూశాను" అని దాని అర్థం. మేము విన్నానని అనం, చూశాననే అంటాం. ఆ జవాబు ఇచ్చేదాకా వాడు ఆపడు. చిన్నప్పుడూ అంతే, నేను తట్టుకునేదాకా తలుపు దగ్గర అదే చేస్తూ నిలబడేవాడు, అన్నం చల్లారిపోతున్నా సరే.

కట్టు నిజంగా విప్పావా?

జోగత్త


ఆనందపురం
12 ఆగస్టు 2024

చందనకు,

నీ దగ్గర నుంచి ఉత్తరం లేదు. నాలుగో తారీకు ఉత్తరం నీ చేతికే ఇచ్చానని నూకాలు అంది. మళ్ళీ అడిగితే, "ఒలమ్మా, ఇచ్చీనానంతే! మింగీసినాననుకున్నావేటి?" అని కసిరింది. శ్రావణ మాసం కదా, దానికి ఊపిరాడని బేరం. "వరలచ్చిమి పూజ అయ్యీదాకా నన్నొగ్గీ అమ్మా" అంది. అందుకని ఇది పోస్టు మనిషి చేతికిస్తున్నాను. మీ ఇంటి నంబరు సరిగ్గా రాశానో లేదో.

జ్యోతిర్మయి కూడా రాలేదు. మంచి వార్త అయితే ఎవరో ఒకరు పరిగెత్తుకొస్తారు. రాలేదంటే ఏమిటి? లేక నీకు జ్వరమా? మీ నాన్నకా?

నేనొక్కదాన్నే కూర్చుని అద్దంలో చూసుకుంటూ పాత సైగలన్నీ చేస్తున్నాను, వేళ్ళు మరిచిపోయాయేమోనని. మరిచిపోలేదు. మేస్త్రీదీ గుర్తుంది.

తిరుమల రబ్బరు చెప్పులు గుమ్మంలో ఉన్నాయి. జల్లు కొడుతోందని లోపలికి తీశాను. గుమ్మం బోసిగా ఉందని మళ్ళీ బయట పెట్టాను. తడుస్తున్నాయి.

రెండు మాటలైనా రాయి.

జోగత్త


గాజువాక
17 ఆగస్టు 2024

జోగత్తకి,

నమస్కారం. ఇంట్లో అందరం బాగున్నాం, నేను కూడా. ముందే రాస్తున్నాను, నువ్వు అడుగుతావని.

ఆలస్యం నాదే. నీ ఉత్తరం అందిన రోజే బావకు జ్వరం పట్టుకుంది, ఛాతీలో నెమ్ము చేరింది. మళ్ళీ నిద్ర మందు పెంచారు, చెయ్యి ఆడలేదు. ఆ స్థితిలో నీకు ఏమని రాయను? నీ జవాబు నా దగ్గర ఉంది, అడిగేవాడు నిద్రలో ఉన్నాడు. డ్యూటీకి వెళ్ళినప్పుడల్లా ఆ చెయ్యి కేసి చూసి వచ్చేదాన్ని. జ్యోతిర్మయి అక్కను నేనే ఆపాను, అత్తకి చెప్పొద్దని. ఇది మాత్రం దాచడమే, ఒప్పుకుంటున్నాను.

మొన్న జ్వరం దిగింది, మందు ఆపారు. నీ ఉత్తరం డాక్టరు గారికి చదివి వినిపించాను. మేస్త్రీ మాట దగ్గర నవ్వారు. "పక్కనే కూర్చునేటట్టయితే కట్టు విప్పండి, చూద్దాం" అన్నారు. నిన్న విప్పాను. చాలాసేపు ఆ చెయ్యి అలాగే పడుంది. జ్యోతిర్మయి అక్క వ్రతం కాని వ్రతం అంటూ ఐసీయూ బయట మెట్ల మీదే దణ్ణం పెట్టుకుని వచ్చింది. అప్పుడు వేళ్ళు నలపడం మొదలైంది. చిటికెనవేలు. అరచెయ్యి.

నేను ఎదురుగా నిలబడి గుండె మీద తట్టుకున్నాను.

చెయ్యి ఆగింది అత్తా. గోడ మీద నుంచి చూపు తిప్పి నా మొహంలోకి చూశాడు. నన్ను చూశాడు. అక్క నన్ను పక్కకి నెట్టి తను తట్టుకుంది. ఆపకుండా తట్టుకుంటూనే ఉంది. "సూసినానయ్యా, సూసినాను, సూసినాను" అని పైకి కూడా అంటోంది. పక్క మంచాల దగ్గరవాళ్ళందరూ మా కేసే చూశారు. నా చెయ్యి వణికింది. చేతిలో సూది లేదు కాబట్టి ఫర్వాలేదు.

డాక్టరు గారు ఇవాళ తనే తట్టుకుని చూసి వెళ్ళారు. ఒకటి రెండుసార్లకి గట్టిగా ఏమీ అనలేం, కానీ మంచిదే అన్నారు. కుడి చెయ్యి ఎంత వస్తుందో, మాట ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. వచ్చినా పాత మాటలా ఉండకపోవచ్చు. నీకు ఆశ పెట్టి మోసం చెయ్యను.

ఇవాళ కొత్తది మొదలుపెట్టాడు. పిడికిలి బిగించి చెవి దగ్గర పెట్టుకుని గాలిలోకి విప్పుతాడు. తరువాత అరచెయ్యి వెల్లకిలా తిప్పి అలాగే ఉంచుతాడు, ఏదో అడుగుతున్నట్టు. తట్టుకుంటే ఊరుకోవడం లేదు, ఇంకేదో కావాలి. జవాబు రాసి పంపు.

నీ పిండికట్టు ఎప్పుడు విప్పుతారు? నెలాఖరుకి బావని వార్డుకి మారుస్తామన్నారు. అక్కడికి నువ్వు రావచ్చు. చక్రాల కుర్చీ గేటు దగ్గర పెట్టించి నేనే నిలబడతాను.

చందన


ఆనందపురం
20 ఆగస్టు 2024

చందనకు,

మీ నాన్న ఆయాసం, మీ అమ్మ సుగరు, కుక్క కాలు, నీ నిద్ర, అన్నీ బాగున్నాయని అనుకుంటున్నాను. మెట్ల మీద వ్రతం చేసిన నా కోడలికి మంచినీళ్ళైనా ఎవరైనా ఇచ్చారా? అది అడిగి పుచ్చుకునే రకం కాదు, నువ్వే చూడు.

నీ ఉత్తరం తెచ్చి ఇచ్చి నూకాలు పోలేదు. నేను చదువుతుంటే నా మొహమే చూస్తూ నిలబడింది. చదవడం అయ్యాక దానికీ తట్టుకోవడం నేర్పాను. ఇప్పుడు వీధిలో పోతూ కూడా గుండె తట్టుకుంటోంది, చూసినవాళ్ళు దీనికేమైందని అడుగుతున్నారు.

పిడికిలి చెవి దగ్గర విప్పడమంటే మిల్లు కూత. అరచెయ్యి వెల్లకిలా పెట్టడమంటే, అయిందా, కాలేదా? సాయంత్రం కూడా నా కోసం తలుపు దగ్గరికి వచ్చేవాడు, కలిసి ఇంటికి పోదామని. లోపలి గడియారం వాడికి కనబడదు. మిల్లు కూత అయిందా అమ్మా, ఇంకెంతసేపు అని అడిగేవాడు. కాలేదని నేను చెయ్యి అడ్డంగా ఊపితే గోడకి ఆనుకుని కూలబడేవాడు. కాసేపాగి లేచి మళ్ళీ అడిగేవాడు. ఎన్ని సాయంత్రాలు కాలేదు, కాలేదు అన్నానో.

మాట రాకపోయినా ఫర్వాలేదని నేను అనను. నాకు కావాలి. నా గడ్డం పట్టుకుని మొహం తిప్పుకుని, "ఎల్తన్నానే" అనాలి. అయినా వినడానికి నాకు చెవులేవి? ఆ మాట నేను ఎప్పుడూ చూసిందే కదా. పెదాల మీద చూసినదాన్ని, వేళ్ళ మీద చూస్తాను.

ఇరవై ఎనిమిదో తారీకున పిండికట్టు విప్పుతారు. మర్నాడు ఇంట్లో కర్ర పట్టుకుని నడిచి చూసుకుంటాను. నూకాలు తన పూల ఆటోలో తీసుకొస్తానంది. "బుట్టల మజ్జిన కూకోబెడతాను గానీ, సేమంతుల మీద కాలెట్టినావంతే అక్కడే దించీసి పోతాను" అంది. అన్నంత పనీ చేస్తుంది. నీ కుర్చీకి బ్రేకు ఉందో లేదో ముందే చూసుకో, ఆసుపత్రిలో పల్లం ఉంటుంది, జారిపోతాను. వాన పడితే కప్పుకోవడానికి నా దగ్గర గోనె ఉంది, మా మిల్లుదే, ఇంకా గట్టిగా ఉంది. వాడు నన్ను గుర్తుపడతాడా? నేను బాగా చిక్కాను. ఆ రోజు నా ముదురాకుపచ్చ చీర కట్టుకుంటాను, అది వాడికి తెలుసు.

ఈలోగా వాడు అడిగినప్పుడు ఇలా చెప్పు. పిడికిలి చెవి దగ్గర పెట్టి విప్పు. తరువాత రెండు చేతులతో భుజాలు, రొమ్ము దులుపుకో, జనపపీచు దులుపుకున్నట్టు. కూత అయిపోయింది, దులుపుకుని వస్తున్నాను అని. కాలేదని మాత్రం చెప్పకు. ఒక్కసారి కూడా చెప్పకు.

తారీకుకి మా దగ్గర సైగ లేదు. అది నోటితో చెప్పు, వాడి చెవులు మంచివే. అమ్మ ఆగస్టు ముప్ఫై, శుక్రవారం పొద్దున్నే వస్తోందని చెప్పు.

జోగత్త